మా ఇంటి తెల్ల మరుగుదొడ్డి

ఈ సంగతి చెప్పాలంటే ముందు దొడ్డికి పోవడం గురించి చెప్పాలి. అందుకే ఇన్నేళ్ళు రాయలేదు. మా వైపు ఆడవాళ్ళు కాన్పుల కబుర్లు గంటలకొద్దీ చెప్పుకుంటారు. గర్భసంచి తీయించుకున్న వైనం బస్సులో పక్క సీటు మనిషికి కూడా పూస గుచ్చినట్టు చెబుతారు. ఈ ఒక్క విషయం మాత్రం కట్టుకున్న మొగుడి దగ్గర కూడా ఎత్తరు. నేనూ ఎత్తలేదు.

మాది కోయిలకుంట్ల. ముందు బజారులోకి కిరాణా అంగడి, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అంగడి కాస్త బాగా సాగింది. మా ఆయన ఇంటికి మరమ్మతు పెట్టాడు. గదులన్నిటికీ బేతంచెర్ల బండలు పరిపించాడు. పెరట్లో మూలనున్న పాత సిమెంటు దొడ్డిని కొట్టించేసి, తెల్ల పింగాణీ పెట్టించి, గోడలకు నడుమెత్తు వరకు తెల్ల టైల్స్ వేయించాడు. మా అత్తకు అది నచ్చలేదు. "ఇంత తెల్లగా యాల నాయనా, దాంట్లో పాలు కాస్తామా ఏమన్నా?" అని కొడుకును ఎగతాళి చేసింది. నాకు మాత్రం అదో గొప్ప. చుట్టాలొస్తే కాళ్ళు కడుక్కునే వంకతో ముందు అటువైపే తీసుకుపోయేదాన్ని.

ఆ తెల్ల పింగాణీలోనే మొదటిసారి రక్తం చూశాను.

చెంబెడు నీళ్ళు పోసేశాను. కొన్నాళ్ళకు మళ్ళీ కనిపించింది, మళ్ళీ పోశాను. మొలలై ఉంటాయని నాకు నేనే వైద్యం చేసుకున్నాను. పచ్చిమిరప కారం మానేశాను, పగలంతా మజ్జిగ తాగాను. రక్తం తన పని తాను చేసుకుంటూనే ఉంది. ఇంక లాభం లేదని, మా ఆయన అంగట్లో ఉన్న సమయం చూసి, చెల్లెలికి ఫోన్ చేసి గొంతు తగ్గించి చెప్పాను. దాని మరిది కర్నూల్లో డాక్టరు. మా వాళ్ళలో అదో వసతి. ఏ జబ్బు వచ్చినా పెళ్ళి సంబంధాల వెంట వెతుక్కుంటూ పోతే ఎక్కడో ఒక డాక్టరు తగులుతాడు. చెల్లెలు చెప్పగానే ఆ అబ్బాయి నాకు ఫోన్ చేసి, "మొలలని మీకెవరు చెప్పారక్కా? మీరే చెప్పుకున్నారా?" అని కోప్పడ్డాడు. ఆ వారంలోనే హైదరాబాదులో కెమెరా పరీక్ష చేయించాడు.

పెద్దపేగు చివర గడ్డ. క్యాన్సర్. అక్కడి పెద్ద డాక్టరు కాగితాలు తిరగేసి, గడ్డ ఇంకా పేగు దాటి పాకలేదని, త్వరగా వచ్చామని, బాగా కనిపెట్టారని మెచ్చుకున్నాడు. అంత భయంలోనూ నేను కొంచెం పొంగిపోయాను. బళ్ళో పంతులు మెచ్చుకున్న పిల్లలాగా మా ఆయన వైపు చూశాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ చూపుకే నాకు ఎక్కువ సిగ్గేస్తుంది.

గడ్డ తీసేశారు. కుట్లు వేసిన పేగు అతుక్కునే దాకా పొట్ట మీద దారి పెట్టి, దానికి ఒక సంచి తగిలించారు. మలం అందులోకి వస్తుంది. కొన్ని నెలల తర్వాత మళ్ళీ లోపలికి కలిపి కుట్టేస్తామన్నారు. ఆ సంచితో ఇల్లు చేరాను.

మా అత్త చెడ్డది కాదు. గడప దగ్గర దిష్టి తీసింది, కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత నెమ్మదిగా, "అది తీసేదాకా పూజగదిలోకి, వంటింట్లోకి రావద్దులేమ్మా, మనసుకు ఏమనుకోవద్దు" అంది. మా ఆయన అంగట్లోకి పోయాడు. వెనక వసారాలో నాకు మంచం వేశారు. నా కంచం, గ్లాసు కూడా అక్కడికే వచ్చేశాయి. నేను మాత్రం ఏమనుకుంటాను, ఇంకొకరికైతే నేనూ అదే చెప్పేదాన్నేమో.

ఎండాకాలం మొదలయ్యేసరికి ఆ వసారాలో చింతపండు పని జరుగుతుంది. మేము కాయ కొని, పెంకు తీయించి, బండ మీద పెట్టి కొట్టించి గింజ తీయించి, ముద్దలు చేసి అమ్ముతాం. ఆ పనికి చర్చి దగ్గరి పేట నుంచి ఆడవాళ్ళు వచ్చేవారు. వాళ్ళను వెంటబెట్టుకొచ్చేది నా ఈడుదే ఒకామె. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ వస్తోంది. ఆదివారం మాత్రం రాదు, చర్చికి పోతుంది. ఆమె మొగుడు బేతంచెర్లలో బండల పాలిష్ పనిచేస్తూ శనివారం సాయంత్రం ఇంటికి వచ్చేవాడు. వసారా గోడలో ఒక గూడు ఉంది. ఆమె టీ తాగే గ్లాసు ఆ గూట్లోనే ఉండేది, ఇంటి గ్లాసులతో కలిసేది కాదు. ఇప్పుడు పెట్టే చోటు లేక మా అత్త నా గ్లాసు కూడా అందులోనే పెట్టింది.

మొదటి రోజు ఆమె టీకి లేచి గూట్లో చెయ్యి పెట్టి, రెండు గ్లాసులు చూసి, నావైపు తిరిగింది.

"రా శెట్టెమ్మా, మా గూట్లోకే వచ్చినావు" అంది.

మిగతావాళ్ళు తలలు వంచుకుని చింతకాయలు కొట్టారు. ఆమె నవ్వుతోంది. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నేళ్ళూ ఆ గ్లాసు నా కళ్ళ ముందే ఉంది, నా చేత్తోనే దాంట్లో టీ పోశాను, ఎత్తి పోశాను, తగలకుండా పోశాను. నా గ్లాసు పక్కన చేరితే గాని అది నాకు గ్లాసులా కనిపించలేదు.

ఆ సంచికి సమయం సందర్భం ఉండవు. నలుగురిలో ఉన్నప్పుడే చప్పుడు చేస్తుంది. ఒకరోజు అందరూ పని మీద ఉండగా గట్టిగానే చప్పుడైంది. ఎవరూ విననట్టు నటించారు. నేను చీర కొంగు గుప్పిట్లో కుక్కి పొట్ట మీద అదిమి పట్టుకున్నాను. ఆమె తల ఎత్తకుండానే, "దానికేం తెలుసు పాపం, ఈడ నలుగురుండారని" అంది. అందరూ పకపకా నవ్వారు. ఆసుపత్రి నుంచి వచ్చాక నేను నవ్వడం అదే మొదలు.

అప్పటికే ఆమె చిక్కిపోయి ఉంది. చింతపండు బుట్ట ఎత్తబోయి కళ్ళు తిరిగి గోడకు ఆనుకునేది. ఏమైందని అడిగితే చాలా మామూలుగా చెప్పింది.

"పస్తులకు శెట్టెమ్మా. నువ్వు ఐద్రాబాదులో ఉన్నప్పుడు మా చర్చి సంగంలో నీకోసరం శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టించినా. పెట్టించినదాన్ని నేనే తింటే ఎట్లా? అన్ని శుక్రవారాలూ ఉన్నా. ఇప్పుడు లేచి తిరుగుతాండావు కదా, ఇంక మానేస్తా. నీరసం అదే పోతాది."

నేను నమ్మాను. ఆమె నమ్మింది. వాళ్ళ పేటలో అందరూ అదే నమ్మారు. సూదిమందు వేసే ఆర్‌ఎంపీ డాక్టరు ఒంట్లో రక్తం లేదని, ఉపవాసాలు మానుకోమని చెప్పి, ఎర్రటి టానిక్కు ఇచ్చాడట. నా ప్రాణం కోసం ఒకరు అన్నం మానేశారు. ఆమెకు ఒక పూట భోజనం పెట్టించాను. అదీ విస్తరాకులో.

ఉపవాసాలు ఆపినా నీరసం పోలేదు. పని మధ్యలో మాటిమాటికి లేచి చెంబు తీసుకుని కంపచెట్ల వైపు పోయి వచ్చేది. కడుపులో మెలిపెడుతోందని, పోయినా పోయినట్టు ఉండడం లేదని పక్కనున్న ఆమెతో అనడం విన్నాను. ఆ మాట నాకు తెలిసిన మాట. హైదరాబాదు డాక్టరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే. మిగతావాళ్ళు మధ్యాహ్నం అన్నానికి పోయాక ఆమెను దగ్గరికి పిలిచాను.

"ఏమ్మే, రక్తం గాని పడతాందా?"

"ఏమో శెట్టెమ్మా."

"ఏమో ఏంది, చూసుకోవా?"

"యాడ చూసేది? తెల్లారకముందే పోతాం, చీకటుండంగానే వస్తాం. ఆ రేగడి నేల మీద ఏం పడిందో ఎవురికి కానొస్తాది? పగలు పోతే మొగోళ్ళు వస్తారేమోనని రోడ్డు దిక్కే చూస్తాంటాం. కిందికెవురు చూస్తారు?"

నేను ఆ నేలను ఎరుగుదును. మా పత్తి, మా శనగ అంతా ఆ నల్లరేగడిలోనే పండుతుంది. దాని మీద నీళ్ళు పడినా రక్తం పడినా ఒకటే నలుపు. హైదరాబాదులో డాక్టరు నన్ను బాగా కనిపెట్టావని మెచ్చుకున్నాడు. నేను కనిపెట్టిందేమీ లేదు. మా ఆయన తెల్ల పింగాణీ పెట్టించాడు, అంతే.

అప్పుడు మా అత్త ప్రొద్దుటూరులో కూతురింటికి పోయి ఉంది. మా లెట్రిన్‌కి రమ్మని ఆమెను పిలిచాను. పనివాళ్ళెవరూ ఎప్పుడూ దాంట్లో కాలు పెట్టలేదు. పెట్టకూడదని ఎవరమూ చెప్పలేదు కూడా, చెప్పే అవసరం రాలేదు. ఆమె ఒప్పుకోలేదు. "నీ దాంట్లోకి నేనా?" అని నవ్వేసింది. బతిమాలితే లోపలికి పోయి, చాలాసేపటికి చెమటలు కారుతూ బయటికొచ్చింది.

"రాల్యా శెట్టెమ్మా. తలుపేస్తే గోడలన్నీ నన్నే చూస్తాండాయి."

మరుసటి రోజూ అంతే. ఆ తర్వాతి రోజూ అంతే. "తలుపు తీసి పెట్టుకుంటే వస్తాదేమో, నువ్వు ఎవురూ రాకుండా కావలి ఉండు" అంది. నేను పొట్ట మీద సంచితో పెరట్లో నిలబడి కావలి కాశాను. అంగట్లో ఉన్న మా ఆయన వెనక్కి వస్తే ఏం చెప్పాలా అని అటే చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి లోపలి నుంచి పిలిచింది.

"శెట్టెమ్మా, రా, చూడు."

నాకు పోవాలనిపించలేదు. నాది నేను చూసుకోవడానికే సిగ్గుపడిన మనిషిని. పోయాను. ఇద్దరం వంగి చూశాం.

"నీది గూడా ఇట్లే ఉన్నిందా?"

"ఇట్లే."

"ఇదే రంగు?"

"ఇదే."

ఆమె చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత బక్కెట్లో నీళ్ళు పట్టి, ఫినాయిలు అడిగి తీసుకుని, పింగాణీ, నేల, చెయ్యి పెట్టని గోడలు కూడా తోమి తోమి కడిగింది. వద్దన్నాను. వద్దన్నానే గాని ఆపలేదు. పొట్ట మీద కుట్టుతో వంగలేక నిలబడి చూశాను. అది సాకే అని నాకు తెలుసు. మామూలు ఒంటితో ఉన్నా నేను నిలబడే ఉండేదాన్ని.

ఆ సాయంత్రమే చెల్లెలి మరిదికి ఫోన్ చేశాను. కర్నూలు పెద్దాసుపత్రికి పంపమన్నాడు, తెలిసినవాళ్ళకు చెబుతానన్నాడు. నాకైతే రక్తం సంగతి చెప్పిన వారానికి కెమెరా పరీక్ష జరిగింది. ఆమెకు ముందు మొగుడు బేతంచెర్ల నుంచి రావాలి. వచ్చాడు. ఇద్దరూ బస్సెక్కి పోయారు. ఒంట్లో రక్తం మరీ తక్కువగా ఉంది, ముందు రక్తం ఎక్కించాలి, ఇచ్చేవాళ్ళను వెతకాలి. మొగుడు రోజులకొద్దీ పని మానేస్తే పాలిష్ మిషన్ మీద ఇంకొకడు కూర్చుంటాడు. తిరిగి వచ్చి, మళ్ళీ పోయి, పరీక్షకు రోజు తీసుకుని, ఆ రోజుకు ముందు పేగు శుభ్రం చేసే మందు తాగమంటే అన్ని విరేచనాలకు యాడికి పోవాలో తెలియక తాగకుండానే పోయి, పరీక్ష చేయం పొమ్మంటే వెనక్కి వచ్చి, ఇలా చింతపండు పని అయిపోయింది, వానలు పడ్డాయి, శనగకు దుక్కులు దున్నారు. ఆమెదీ క్యాన్సరేనని తేలేసరికి అది కాలేయానికి పాకింది. అక్కడి డాక్టర్లు మంచివాళ్ళే, చేయగలిగింది చేశారు. పేగు మూసుకుపోకుండా పొట్ట మీద దారి పెట్టి సంచి తగిలించి పంపారు. అది నాలాగా తీసేసే సంచి కాదు.

సరిగ్గా ఆ నెలలోనే నా సంచి తీసేశారు. నేను తలంటు పోసుకుని పూజగదిలోకి పోయాను. నా గ్లాసు గూట్లో నుంచి వంటింట్లోకి పోయింది.

నా దగ్గర వాడని సంచులు కొన్ని మిగిలాయి. వాటిని కవర్లో పెట్టుకుని ఆమె ఇంటికి తీసుకుపోయాను. ఆమె తీసి చూసి, "ఇవి కొత్తవే ఉండాయే" అని ఆశ్చర్యపోయింది. మా ఇంటి నుంచి ఆమెకు పోయినవన్నీ వాడినవే. చిరిగిన చీరలు, మిగిలిన అన్నం, పిల్లలకు పొట్టైన చొక్కాలు. ఈసారి కూడా నేను మిగిలిందే ఇచ్చాను. నా అవసరం తీరకపోయి ఉంటే ఇచ్చేదాన్నా? ఇచ్చేదాన్ని కాదు.

ఆమెతో నేను ఆఖరుసారి మాట్లాడింది ఒక మధ్యాహ్నం, వాళ్ళ ఇంట్లో. బండలు పరిచిన కప్పు కింద మంచం. చూసుకోవడానికి కూతురు వచ్చి ఉంది. పెళ్ళయిన పిల్ల. మొగుడు కూడా బండల పనే. మాకు టీ తేవడానికి బయటికి పోయింది. మంచం మీద ఆమె కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి.

"ఒక మాట అడుగుతా శెట్టెమ్మా. ఇద్దరికీ ఒకటే రోగం. నీకోసరం ప్రార్థన చేస్తే నీకు పోయింది. నాకోసరం గూడా సంగమంతా చేస్తాండారు. నాకు పోల్యా. నేను చేసిన తప్పేమన్నా ఉండాదేమో, నాకే గుర్తురావడం లేదు. పడుకోని అదే వెతుకుతాండా."

చావబోయే మనిషి తన తప్పు కోసం వెతుక్కుంటోంది.

"నీ తప్పేం లేదు. నేను ముందు చూసినా. నువ్వు చూడల్యా. అంతే" అన్నాను.

"అంతేనా?"

"అంతే."

"ఇంకేం లేదా?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆమె కప్పు వైపు చూసింది. తేలికపడిందో, ఇంకా బరువెక్కిందో నాకు తెలియలేదు. ఆ తర్వాత తల తిప్పి, "మీ పిల్లోళ్ళకు గూడా చూపించుకోమన్యాడంటివి కదా డాక్టరు, ఈ రోగం కడుపున పుట్టినోళ్ళకు వస్తాదని" అంది. అవునన్నాను.

"అట్లయితే నా బిడ్డను మీ లెట్రిన్‌కు రానీ శెట్టెమ్మా. రోజూ వద్దు. యెప్పుడన్నా ఒకసారి. చూసుకోని పోతాది. కడిగే పోతాది."

"మా అత్తను అడిగి చెప్తా" అన్నాను.

అంగడి ఇళ్ళలో పుట్టి అంగడి ఇళ్ళకు వచ్చినవాళ్ళం మేము. చందాకు వచ్చినా, మంచం అరువడగడానికి వచ్చినా, పనిమనిషి సెలవడిగినా, లేదు అనే మాట నోట్లో నుంచి రాకూడదని చిన్నప్పుడే నేర్పుతారు. ఎవరినో ఒకరిని అడిగి చెబుతామంటాం. వచ్చినవాళ్ళకు అర్థమై వెళ్ళిపోతారు. ఇరవై ఏళ్ళకు పైగా మా పెరట్లో కూర్చున్న మనిషికి అది తెలియకుండా ఉంటుందా? నా నోటికి అలవాటు తప్ప, కాదనాలని నా మనసులో లేదు. ఆమెకు నా మనసు వినపడదు కదా, మాటే వినపడింది.

"సరేలే శెట్టెమ్మా" అని కళ్ళు మూసుకుంది.

ఇంటికి పోగానే అత్తను అడిగాను. పోట్లాటకు సిద్ధమై, చీర కొంగు నడుముకు చుట్టుకుని మరీ అడిగాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"రమ్మను. దీంట్లో అడిగేదేముండాది? నువ్వు అన్ని నెలలు ఆ సంచి పట్టుకోని పోల్యా దాంట్లోకి?"

అంటే అడ్డం ఎవరూ లేరు. ఇన్నాళ్ళూ ఆ పెరటి తలుపుకు మా అత్త కావలి ఉందనుకున్నాను. ఉన్నది నేనే.

తెల్లవారి నేను వాళ్ళింటికి పోయేసరికి ఆమెకు మాట పడిపోయింది. మంచం చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని పాట పాడుతున్నారు. చెవి దగ్గర వంగి, మా అత్త సరేనందని, అమ్మాయిని పంపమని చెప్పాను. విన్నదో లేదో తెలియదు. బయట కూతురు బక్కెట్లో గుడ్డలు పిండుతోంది. దానికీ చెప్పాను.

"మాయమ్మ అడిగిందా నిన్ను?" అంది.

"అడిగింది."

"నేనుంటే అడగనిచ్చేదాన్ని కాదమ్మా." గుడ్డ దులిపి తీగ మీద ఆరేసింది. "నువ్వు ఏమనుకోవద్దు. నేను రాను."

ఆ సాయంత్రం ఆమె పోయింది. సమాధి తోటలో మట్టి వేసేటప్పుడు పేట ఆడవాళ్ళు నన్ను ముందుకు జరిపి చోటిచ్చారు, మా ప్రార్థనతో బతికిన మనిషి అని కొత్తవాళ్ళకు చూపించారు.

కూతురు అక్కడే ఉండిపోయింది. తల్లి పనిలోకే వచ్చింది, ఎండాకాలంలో మా వసారాలో కూర్చుని చింతపండు కొడుతుంది. గూట్లో గ్లాసు నేను తీసేసి ఇంటి గ్లాసులోనే టీ ఇస్తాను. తాగుతుంది. పెరటి మూలకు మాత్రం ఒక్కనాడూ పోలేదు. తెల్లారకముందే నేను వాకిట్లో కళ్ళాపి చల్లుతుంటే, చీకట్లో చెంబులు పట్టుకుని పేట ఆడవాళ్ళు కంపచెట్ల వైపు నుంచి తిరిగొస్తుంటారు. వాళ్ళలో ఆ పిల్ల ఉంటుంది. నన్ను చూసి ఆగి, "బాగుండావా శెట్టెమ్మా?" అని అడుగుతుంది.

బాగుండానని చెబుతాను. నిజంగానే బాగున్నాను.